ఇల్లు తిన్న ఆకు

డోన్ స్టేషన్లో రైలు దిగి బజారు వైపు నడిస్తే మొదటి మలుపులోనే బాలసుబ్రహ్మణ్యం శెట్టి అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక గడప. పేరుకు అంగడి శెట్టిదే. నడిచింది మాత్రం ఆయన భార్య చెన్నమ్మ ముక్కు మీద. ఈ మాటంటే శెట్టి నొచ్చుకునేవాడు కాదు సరికదా, తనే నలుగురికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఆ ఇంటికొక కట్టుబాటు ఉంది. ధనియాలు కానీ, మిరియాలు కానీ, పలావు ఆకు కానీ, కొత్త సరుకు ఏది దిగినా ముందు ఒక గుప్పెడు గడప దాటి వంటింట్లోకి పోవాలి. చెన్నమ్మ దాన్ని విరిచి, నలిపి, వాసన చూసి, వండి పెట్టాలి. ఇంటివాళ్ళు తినాలి. ఆ తర్వాతే గోతం మూతి విప్పి అమ్మకానికి పెట్టాలి. శెట్టి తాత నాటి నుంచీ అదే పద్ధతి. డోన్‌లో వాళ్ళకే కాదు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి రైల్లో వచ్చిపోయే ఆడవాళ్ళకు కూడా ఈ సంగతి తెలుసు. తక్కెడ ముందు నిలబడి, "ఇది ఇల్లు తిన్నదేనా శెట్టీ?" అని అడిగేవాళ్ళు. "తినిందమ్మా, తీస్కపో" అంటే ఇంక రెండో మాట ఉండేది కాదు.

చెన్నమ్మ పుట్టిల్లు పత్తికొండ. కాపురానికి వచ్చేనాటికి టమోటాలతో చేసే వంటలన్నీ వచ్చు గానీ పలావు ఆకు మొహం ఎరగదు. అది నేర్పింది అత్త గురమ్మ. గురమ్మ నేర్పడమంటే దగ్గర కూర్చోబెట్టుకుని బుజ్జగించి చెప్పడం కాదు. కోడలి రెండు కళ్ళకూ చీర కొంగు కట్టేసి, ఒక్కో ఆకు చేతిలో పెట్టి, "ఇది యాటిది? ఈ ఏటిదా, పోయినేటిదా? చెప్పు" అనేది. తప్పు చెబితే నెత్తిన మొట్టికాయ. చెన్నమ్మ ఆ మొట్టికాయలు తింటూనే నేర్చుకుంది. మంచి ఆకు విరిస్తే పెళుసుగా చిటుక్కుమనాలి. ఆ విరిగిన చోట లవంగానికీ దాల్చినచెక్కకూ నడుమ ఒక వాసన గుప్పుమని, గొంతు దాకా దిగాలి. గడ్డి వాసన వస్తే పాతది. ఏ వాసనా రాకపోతే అది ఆకే కాదు, చెత్త.

"కండ్లతో చూసేది కాదే ఇది," అనేది గురమ్మ. "ఎండిన ఆకులన్నీ ఒగటే మాదిరి ఉంటాయి. ముక్కు చెప్పినట్టు ఇను."

వాడే పద్ధతీ ఆమే చెప్పింది. నూనె కాగాక అన్నిటికంటే ముందు ఆకు వేయాలి. అంచుల్లో సన్నగా బుడగలు లేచి, వాసన వంటింటి గుమ్మం దాటగానే మిగతావి వేసెయ్యాలి. రవ్వంత ఆలస్యమైతే మాడి చేదెక్కుతుంది. సోలెడు బియ్యానికి ఒక ఆకు చాలు, ఇంకా వేస్తే మందు తిన్నట్టుంటుంది. ఆకును గాజు సీసాలో వెలుతురు తగిలేచోట పెట్టే కోడళ్ళను గురమ్మ మనుషుల్లోనే జమ కట్టేది కాదు. రేకు డబ్బాలో, మూత బిగించి, చీకట్లో పెట్టాలి.

అంత గురమ్మకూ ఒకరోజు వచ్చింది. కళ్ళలో పొరలు కమ్మి, ఒక పండగ పూట పప్పులో ఉప్పనుకుని చక్కెర పోసింది. బంధువులు మొహాలు చూసుకున్నారు. చెన్నమ్మ అత్త చేతిలోంచి మెల్లగా గరిటె తీసుకుని, "ఇంగ నువ్వు కూచో అత్తా, నేను చూసుకుంటా" అంది. ఎంతో ప్రేమగానే అంది. ఆ రోజు నుంచి గురమ్మ గడప పక్కన పీట మీద కూర్చుంది. అంగడికీ ఇంటికీ మధ్య తిరిగేవాళ్ళంతా ఆమె కాళ్ళు దాటుకుని పోయేవాళ్ళు. కొత్త ఆకు వచ్చినప్పుడు ఆమె చెయ్యి చాపేది. ఎవరూ ఆ చేతిలో ఆకు పెట్టేవాళ్ళు కాదు. ముక్కు బాగానే ఉంది కదా, ఒక ఆకు పెడితే ఏం పోయింది? ఎవరికీ తోచలేదు, చెన్నమ్మకు కూడా. అట్లా చెయ్యి చాపుతూనే ముసలామె ఆ పీట మీద కాలం వెళ్ళదీసి, కన్నుమూసింది.

రెండువేల ఐదులో వానలు బాగా పడ్డాయి. వానల వెనకే విష జ్వరాలు వచ్చాయి. చెన్నమ్మ కూడా పడకేసింది. జ్వరం తగ్గింది, పడిశం తగ్గింది. ఇంక లేచి తిరుగుతున్నాను కదా అనుకుని ఒక పొద్దున స్నానం చేసి దేవుడి ముందు ఊదుబత్తి వెలిగించింది. పొగ తాడులాగా పైకి లేస్తోంది, కళ్ళకు కనపడుతోంది. వాసన లేదు. ఊదుబత్తిని ముక్కుకు దగ్గరగా పెట్టుకుంది. ముక్కు కొస చురుక్కుమని కాలింది గానీ వాసన రాలేదు. వంటింట్లోకి పరుగెత్తి ఇంగువ డబ్బా తెరిచింది. కాఫీ పొడి తెరిచింది. ఆఖరికి కిరసనాయిలు సీసా మూత తీసి పీల్చింది. ఏమీ లేదు.

ఎవరికైనా చెప్పాలి కదా. చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా గడప పక్కన గోడకు ఆనించి ఉన్న ఆ పీట కనపడేది. అది ఖాళీగా ఉంది. తనకోసమే ఉన్నట్టుంది. నాలుగు దినాలు చూద్దాం, అదే వస్తుంది అనుకుంది. వినాయక చవితి పోయింది, దసరా పోయింది, దీపావళి పోయింది. రాలేదు.

మనిషి గట్టిది, తంటాలు పడి నెట్టుకొచ్చింది. పాలు పొంగే చప్పుడును బట్టి, తిరగమాత చిటపటను బట్టి వండేది. సరుకు చూపిస్తే విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపాగి తల ఊపేది. ఆ కాసేపట్లో ఎదుటివాళ్ళ ముక్కులు ఎగబీలుస్తున్నాయా లేదా అని ఓరకంట చూసేది. అదృష్టం బాగుండి ఆ నెలల్లో వచ్చిన సరుకంతా మంచిదే. ఆ అదృష్టమే ఆమెను ముంచింది.

కార్తీక మాసం వచ్చింది. పున్నమి మంగళవారం పడింది. ఆ రోజు ఊరి బయట ఉసిరి తోటలో కోమట్ల వనభోజనం. ప్రతి ఏడూ మాదిరే వంట బజారులో పలు ఇళ్ళు పంచుకున్నాయి. మసాలా సామాను మాత్రం అందరికీ శెట్టి అంగడిదే. అంగట్లో పలావు ఆకు నిండుకుంది. ఆ ఏడు ఆకు కరువుగా ఉందని అందరూ అంటున్నారు. అట్లాంటప్పుడు సోమవారం పొద్దున ఎవరో కొత్త దళారి లారీలో ఒక గోతం పంపించాడు.

అంగట్లో మూటలు మోసే నరసన్న గోతాన్ని దించి, మూతి కొంచెం విప్పి, ఒక గుప్పెడు చేటలో పోసుకుని గడప దగ్గరికి తెచ్చాడు. లోపలికి చాపుతూ, "శెట్టెమ్మా, ఈ ఆకేందో సన్నంగా ఉండాదే. ముక్కలు గూడా శానా ఉండాయి," అన్నాడు.

చెన్నమ్మకు చిర్రెత్తుకొచ్చింది. మూటలు మోసేవాడు తనకు ఆకు గురించి చెప్పడమా. "నువ్వు ఎప్పటినుంచప్పా ఆకులు చూస్తాండేది? పోయి బస్తాలు సర్దుపో," అంది. చేటలోంచి ఒక ఆకు తీసి విరిచింది. చిటుక్కుమంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ముక్కు రంధ్రాల్లోకి చల్లగాలి పోయింది, అంతే. కళ్ళు తెరిచేసరికి శెట్టి తక్కెడ దగ్గర నుంచి ఆమెనే చూస్తున్నాడు. ఆయన కళ్ళల్లో అణువంత అనుమానం లేదు. ఆ నమ్మకమే ఆమె నోరు కట్టేసింది.

"బాగుండాది," అంది చెన్నమ్మ.

ఆ రోజు కార్తీక సోమవారం. ఇంట్లో ఆడవాళ్ళకు ఉపవాసం, చుక్క చూసేదాకా మంచినీళ్ళు తప్ప ముట్టరు. కొడుకు వేణుగోపాల్ అంగడి పని మీద కర్నూలు పోయాడు. ఇంక ఇల్లంటే తినడానికి శెట్టి ఒక్కడే. ఇంకో రోజైతే నలుగురు తిని నాలుగు మాటలు చెప్పేవాళ్ళు. కోడలు శ్రీవాణి ఆ మాటే అంది కూడా. "రేపు తిని చూసి ఇస్తే కాదా అత్తా?" అని. రేపంటే వనభోజనమే అయిపోతుంది కదా, ఏం మాట్లాడతావని చెన్నమ్మ కసిరింది.

టమోటా బాత్ చేసింది. కార్తీకం కాబట్టి ఉల్లిపాయ లేదు, వెల్లుల్లి లేదు. ఆ అన్నానికి వాసనంటూ ఏదైనా ఉంటే అది ఆకు నుంచే రావాలి. నూనె కాగింది. ఆకు వేసింది. అంచుల్లో బుడగలు లేచాయి. చెన్నమ్మ పక్కనే టమోటాలు తరుగుతున్న కోడలి మొహం చూసింది. శ్రీవాణి ఒకసారి గాలి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"అత్తా, ఆకు వాసన తెలుస్తా లేదే."

చెన్నమ్మ చెయ్యి నూనె మీద ఆగింది. అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. నాకూ తెలుస్తా లేదే వాణీ, నువ్వొకసారి విరిచి చూడు అంటే, అంతటితో అన్నీ ఆగిపోయేవి. చెప్పలేదు మహాతల్లి. "పొద్దున్నుంచి ఏమీ తినకుంటే ముక్కు అట్నే ఉంటాది లే," అంది. అనేసి ఊరుకున్నా బాగుండేది. కోడలికి వాసన తగలాలి కదా అని గుప్పెడు ఆకు తీసి నూనెలో వేసింది.

శెట్టికి పలావు ఆకంటే పిచ్చి. అందరూ ఏరి పక్కన పెట్టే ఆకును ఆయన ఆఖరున చప్పరిస్తాడు. పెళ్ళయిన కొత్తలో చెన్నమ్మ అది చూసి నవ్వితే, "ఆకులోనే ఉండాది అంతా, మీకు తెల్దు" అన్నాడు. ఆ మధ్యాహ్నం కూడా అన్నం తిని, విస్తరి అంచుకు చేర్చిన ఆకుల్ని ఒక్కొక్కటే తీసి చప్పరించాడు. మొహం చిట్లించాడు.

"చేదు కొడతాందే ఈపొద్దు."

"రవ్వంత మాడింది. వదిలేయండి," అంది చెన్నమ్మ.

వదిలేయలేదు ఆయన. భార్య చేతి వంట వదిలేసే అలవాటు లేదు. ఉన్నవన్నీ చప్పరించి, చెయ్యి కడుక్కుని, గడప మీద నిలబడి నరసన్నకు వినపడేట్టు, "ఇల్లు తినింది, ఇప్పు గోతం" అన్నాడు. కాస్త నడుము వాలుస్తానని లోపలికి పోయి పడుకున్నాడు.

చెన్నమ్మ తక్కెడ ముందు కూర్చుంది. వనభోజనం వంట పంచుకున్న ఇళ్ళ నుంచి వరసగా వచ్చి ఆకు కట్టించుకుపోయారు. ఆ మధ్యలో పసుపుపచ్చ చీర కట్టుకుని, ఎర్రరాయి ముక్కుపుడక పెట్టుకున్న ఒకామె గుంతకల్లు ప్యాసింజరుకు టైమవుతోందని ఆయాసపడుతూ వచ్చింది. నడివయసు మనిషి. చేతిలో బుట్ట.

"పలావు ఆకు కట్టియ్యి శెట్టెమ్మా. నా కూతురికి మగబిడ్డ పుట్నాడు. పేరు పెట్టే దినం కుస్కా అన్నం చేస్తాండాం. ఇల్లు తిన్నదేనా?"

"మా ఆయన ఇప్పుడే తిని పండుకున్యాడు. నా మాట నమ్మి తీస్కపో," అంది చెన్నమ్మ. మనవడు పుట్టాడని విని కొసరుగా ఇంకో నాలుగు ఆకులు కూడా వేసింది. ఆమె సంతోషంగా నవ్వి, పొట్లం బుట్టలో పెట్టుకుని, స్టేషన్ వైపు పరుగులాంటి నడకతో పోయింది. ఏ ఊరో చెన్నమ్మ అడగలేదు.

ఎండ తిరిగాక నరసన్న అంగడి ముందు ఊడ్చాడు. రాలిన ఆకు తుంపులన్నీ కుప్పగా బజార్లోకి తోశాడు. ఎదురింటివాళ్ళ మేక ఒకటి ఉంది. దానికి సినిమా పోస్టరు, అట్టపెట్టె, గోనె పీచు ఏదైనా ఒకటే. అంగట్లోంచి ఆకు తుంపులు పడితే దానికి పండగే, కర్రతో కొట్టినా కదిలేది కాదు. అది ఎప్పటిలాగే పరుగెత్తుకొచ్చి కుప్పలో మూతి పెట్టింది. పెట్టి, తుమ్మి, రెండడుగులు వెనక్కి వేసింది. దూరంగా పోయి నిలబడింది.

నరసన్న నవ్వాడు. "చూస్తివా శెట్టెమ్మా. రైల్వే కోటర్స్ కాడ గన్నేరు గుబుర్లుండాయి చూడు, ఆడ కూడా ఇది ఇట్నే చేస్తాది. మూతి పెట్టి ఎనక్కి పోతాది."

చెన్నమ్మ తక్కెడ వదిలేసింది. లేచి వంటింట్లోకి పోయింది. అటక మీద రేకు డబ్బాలో అడుగున పోయినేటి ఆకులు మిగిలి ఉన్నాయి. ఒకటి తీసింది. గోతంలోంచి ఒకటి తీసింది. కిటికీ వెలుతురులో రెండూ పక్కపక్కన పెట్టి, ఇన్నేళ్ళలో మొదటిసారి పలావు ఆకును కళ్ళతో చూసింది. పాత ఆకులో తొడిమ దగ్గర నుంచి కొస దాకా మూడు ఈనెలు నిలువునా పోతున్నాయి. కొత్తదాంట్లో నడుమ ఒకటే ఈనె. దానికి రెండు పక్కలా సన్నటి గీతలు, దువ్వెన పళ్ళలాగా. ఇంకొకటి తీసింది. అది మూడు ఈనెలది. ఇంకొకటి తీసింది. ఒకటే ఈనె. మంచి ఆకులో గన్నేరాకు కలిసిపోయి ఉంది.

గోతం చెడిపోయిందని చెప్పి వెనక్కి తెప్పిస్తే? బూజు పట్టిందంటే? నా ముక్కు సంగతి ఎవరికీ తెలియకుండా సర్దుకోవచ్చు కదా? చెన్నమ్మ మనసు ఆ నిమిషంలో కూడా అటే పోయింది. ఆ మాట తర్వాత ఎన్నోసార్లు తనే తలుచుకుని తల బాదుకుంది. పడకగదిలోంచి శెట్టి వాంతి చేసుకుంటున్న చప్పుడు వినపడింది.

వీధి చివరి డాక్టరును నరసన్న పిలుచుకొచ్చాడు. శెట్టి మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నుదుటి మీద చెమట. శ్రీవాణి విసురుతోంది. డాక్టరు నాడి పట్టుకుని, మొహం మారి, మళ్ళీ పట్టుకుని, "నిదానంగా కొట్టుకుంటోంది. ఏం తిన్నారు?" అని అడిగాడు.

"పెరుగు పులిసినట్టుండాది," అన్నాడు శెట్టి గొంతు పెగల్చుకుని. "చెన్నమ్మ పెట్టిందాంట్లో ఏం ఉండదులే డాక్టరూ."

ఆ మాట చెన్నమ్మ చెవుల్లో పడింది. గుమ్మంలో నిలబడి ఉంది ఆమె. డాక్టరు పైత్యమే అయి ఉంటుందని సూది మందు తీస్తున్నాడు. నోరు విప్పితే పీట. విప్పకపోతే ఈయన.

"గన్నేరాకు తిన్యాడు," అంది. "నేనే వండి పెట్నా. నాకు వాసన రాదు. జ్వరమొచ్చినప్పటి నుంచి రాదు."

విసనకర్ర ఆగింది. శెట్టి భార్య వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఏదో అర్థంకాని సంగతి విన్నట్టు చూశాడు. అది కోపం కంటే ఎక్కువ బాధపెట్టింది ఆమెను. డాక్టరు సూది పక్కన పెట్టి, "ఇక్కడ పెట్టుకోవద్దు. ఇప్పుడే కర్నూలు తీసుకుపోండి. గన్నేరు అని మొదటే చెప్పండి అక్కడ," అన్నాడు. జీపు వచ్చింది. శ్రీవాణి మామ తలను ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది. చెన్నమ్మ జీపు కడ్డీ పట్టుకుంది, మళ్ళీ వదిలేసింది. బజారులో ఆకు పొట్లాలున్న ఇళ్ళన్నీ ఆమెకే తెలుసు.

ఇల్లిల్లూ తిరిగింది. ఉపవాసం ఉన్న మనిషి, చెదిరిన జుట్టు, చేతిలో ఖాళీ సంచి. ప్రతి గుమ్మంలో అదే మాట. "ఆకు ఎనక్కియ్యండి. విషం కలిసింది. నాకు వాసన రాదు, చెప్పకుండా దాచిపెట్నా." కొందరు నోరు నొక్కుకున్నారు. ఒకామె, "ఎంత పని చేస్తివి చెన్నమ్మా" అంది. ఒక ఇంట్లో అప్పటికే మసాలా పొడి కొట్టి ఉంచారు, దాన్ని దొడ్లో గుంట తీసి పూడ్చారు. సంచిలోకి పొట్లాలన్నీ చేరాయి. చేరాయి అనుకుంటుండగా పసుపుపచ్చ చీర గుర్తొచ్చింది.

స్టేషన్‌కు ఎట్లా చేరిందో ఆమెకే తెలియదు. ప్యాసింజరు పోయి చాలాసేపయింది. స్టేషన్ మాస్టరు పాపం మంచివాడు, ముందు స్టేషన్లకు ఫోను చేశాడు. ఏమని చెప్తాడు? పేరు లేదు, ఊరు లేదు, ఎర్రరాయి ముక్కుపుడక. పెండేకల్లులో చూశారట, ఎవరూ కనపడలేదట. చెన్నమ్మ ప్లాట్‌ఫారం మీద సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎంతసేపటికీ లేవలేకపోయింది.

శెట్టి బతికాడు. మనిషి సగమై తిరిగొచ్చాడు. భార్యను ఒక్క మాట కూడా అనలేదు. ఇంట్లో ఎవరూ అనలేదు. తర్వాత కొత్త ఆకు వచ్చినప్పుడు ఆయన చేటను గడప దాకా తెచ్చి, చెన్నమ్మ ముందు ఒక క్షణం నిలబడి, దాటుకుని లోపలికి పోయి శ్రీవాణి చేతిలో పెట్టాడు. కోడలు విరిచింది. వాసన చూసింది. ఈనెలు కూడా లెక్కబెట్టింది. చెన్నమ్మ పీట మీద కూర్చుని ఉంది. తనంతట తనే కూర్చుంది, ఎవరూ గరిటె లాక్కోలేదు. గురమ్మ చాపిన చెయ్యి అప్పుడు గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది.

పీట మీద కూర్చున్నా మధ్యాహ్నం గుంతకల్లు బండి టైముకు మాత్రం లేచేది. స్టేషన్‌కు పోయి కిటికీ కిటికీకీ చూసుకుంటూ నడిచేది. "ఎర్రరాయి ముక్కుపుడక ఉన్నామె మీకు తెలుసా? కూతురికి మగబిడ్డ పుట్నాడు," అని అడిగేది. ఎవరో తెలియదనేవాళ్ళు. కొందరు పిచ్చిదనుకుని కిటికీ మూసేవాళ్ళు. పెద్దవాళ్ళు, చుట్టాలు, ఆ పసిబిడ్డ కన్నతల్లి, అందరూ విస్తళ్ళ ముందు కూర్చుని కుస్కా తింటున్నట్టు చెన్నమ్మకు కళ్ళు మూసినా తెరిచినా కనపడేది. పేపర్లో చావు వార్త ఏది వచ్చినా శ్రీవాణి చేత రెండుసార్లు చదివించుకునేది. కొసరు వేసిన ఆ నాలుగు ఆకులూ గుర్తొస్తే ఆమెకు అన్నం దిగేది కాదు.

చలి పోయింది, మాఘం పోయింది. ఉగాదికింకా కొన్ని దినాలుందనగా ఒక మధ్యాహ్నం అంగట్లో శ్రీవాణి తక్కెడ ముందుంది. చెన్నమ్మ గడప పక్కన పీట మీద ఉంది.

"లవంగాలు, చెక్క కట్టియ్యి తల్లీ," అంది ఎవరో ఆడమనిషి.

"పలావు ఆకు కావల్లనా? ఈ వారమే దిగింది, ఇల్లు తినిందే," అంది శ్రీవాణి.

"ఆకొద్దులే. మీ తాన అప్పుడెప్పుడో కార్తీకంలో కొన్నది అట్నే ఉండాది. రేపు ఇంటికి మనుషులొస్తాండారు, అదే వేస్తా."

చెన్నమ్మ తలెత్తింది. రంగు వెలిసిన చీర. చిక్కిపోయిన మొహం. ముక్కుకు ఎర్రరాయి.

పీట మీద నుంచి లేవబోయి, గోడ పట్టుకుంది. మెల్లగా అడిగింది.

"పేరు పెట్టే దినానికని గదమ్మా కొంటివి? అప్పుడు వండలేదా?"

ఆమె చెన్నమ్మను గుర్తుపట్టింది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "యాడ వండేది శెట్టెమ్మా. బిడ్డ దక్కలే. పేరు పెట్టక ముందే పోయినాడు. ఇంగ పొయ్యి ఎవరు రాజేస్తారు? ఆ పొట్లం ఇప్పనే ఇప్పలే."

"అమ్మయ్య," అంది చెన్నమ్మ.

అన్న తర్వాత వినపడింది ఆమెకు, తనేమన్నదో. అంగట్లో లవంగాలు తూస్తున్న శ్రీవాణి చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఎర్రరాయి ముక్కుపుడక పెట్టుకున్నామె కదలకుండా నిలబడి, చెన్నమ్మ మొహంలోకే చూస్తోంది.

"ఏమంటివి శెట్టెమ్మా?" అంది చాలా మెల్లగా.

బజారులో ఇల్లిల్లూ తిరిగి చెప్పిన మాటే కదా, మళ్ళీ చెప్పాలి. ఆ రోజు అన్ని గుమ్మాల్లో చెప్పినప్పుడు కూడా ఇంత కష్టం కాలేదు. చెన్నమ్మ గడప దాటి అంగట్లోకి వచ్చి, ఆమె కాళ్ళ ముందు నేల మీద కూర్చుంది.

"నాకు వాసన రాదమ్మా," అని మొదలుపెట్టింది.